ఏప్రిల్ ఎండలో సలేశ్వరం నడక: పాదరక్షల ఎంపికపై సలహా కావాలి

ప్రశ్న:
వచ్చే చైత్ర పౌర్ణమికి నేనూ మా నాన్నగారూ నల్లమలలోని సలేశ్వరం వెళ్లాలనుకుంటున్నాము. బండ్లు ఆగే చోటి నుంచి రాళ్లదారిలో లోయలోకి దిగి, జలపాతం చూసి, మళ్లీ అంతా ఎక్కి రావాలి. కిందటి వేసవిలో అహోబిలంలో జ్వాలా నరసింహస్వామి సన్నిధికి నడిచినప్పుడు మందపాటి తోలు బూట్లూ నూలు మేజోళ్లూ వేసుకోవడం వల్ల నా రెండు మడమలూ బొబ్బలెక్కాయి. నాన్నగారికి మధుమేహం ఉంది. ఆయన రోజూ వేసుకునే చెప్పులతోనే వస్తానంటున్నారు. అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం 1:
మీ బొబ్బలకు బూట్లు ఎంత కారణమో మేజోళ్లూ అంతే కారణం. నూలు చెమటను పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, తడిసిన చర్మం ఒరిపిడికి త్వరగా లేచిపోతుంది. కాబట్టి పాలిస్టర్ లేదా సన్నని ఉన్ని కలిసిన మేజోళ్లు తీసుకుని, మారు జత సంచిలో పెట్టుకోండి. బూట్ల పైభాగం గాలి ఆడే జాలీ గుడ్డదై ఉండాలి. నీరు చొరబడనివని అమ్మేవి వానాకాలానికి మంచివే గాని, ఎండలో లోపలి చెమటను బయటికి సరిగా పోనివ్వవు. వేడికీ నడకకూ పాదాలు ఉబ్బుతాయి కనుక సాయంత్రం పూట, ఆ మేజోళ్లతోనే వేసి చూసి, వేళ్ల ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండే కొలత కొనండి. కొన్నవాటితో కనీసం రెండు వారాలు ఊళ్లో నడవండి.

సమాధానం 2:
పై సలహాతో ఏకీభవిస్తూ, దిగుడు గురించి ఒక మాట చేరుస్తాను. దిగేటప్పుడు పాదం ముందుకు జారి వేళ్లు బూటు కొనకు తగులుతాయి. గోళ్లు నల్లబడేది అందుకే. ముందురోజే గోళ్లు కత్తిరించుకుని, దిగే ముందు చీలమండ దగ్గర లేసులు బిగించుకోండి. ఎక్కడైనా చురుక్కుమంటే బొబ్బ లేచేదాకా ఆగకుండా అక్కడే కూర్చుని ప్లాస్టర్ అంటించండి. వెనుక పట్టీ ఉన్న శాండిల్స్ కొందరికి హాయిగానే ఉంటాయి, కాని ఆ దారిలో గులకరాళ్లు లోపలికి దూరి ప్రతి పది అడుగులకూ ఆపుతాయి.

సమాధానం 3:
మీ నాన్నగారి విషయమే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి రాయి గుచ్చుకున్నా, బండ కాలినా తెలియకపోవచ్చు, ఆ చిన్న గాయమే మానకుండా పెద్ద పుండు కావచ్చు. ప్రయాణానికి ముందే వైద్యునికి పాదాలు చూపించండి. ఆయనకు వేళ్లు పూర్తిగా కప్పే, లోపల కుట్లు తగలని మెత్తని బూట్లే తగినవి, చెప్పులు వద్దు. వేసుకునే ముందు ప్రతిసారీ లోపల చేయి పెట్టి రాయి ఉందేమో చూడాలి. స్వామి దగ్గర పాదరక్షలు విడవవలసిన చోట మందపాటి మేజోళ్లతో నడిపించండి, రాత్రి అరికాళ్లు మీరే స్వయంగా పరీక్షించండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ సాయంత్రమే నాన్నగారిని దుకాణానికి తీసుకువెళుతున్నాను. వైద్యుడు వద్దంటే మాత్రం ఈ ఏడు నేనొక్కడినే వెళతాను.