అప్‌డేట్: జియావోజీల అంచులు విడిపోవట్లేదు

క్యాబేజీ జియావోజీలు (మైదా పొరలో కూర పెట్టి మడిచే చైనా వంటకం) నీళ్లలో వేయగానే అంచు విడిపోయి కూరినదంతా బయటికొస్తోందని అడిగాను కదా. మీరు చెప్పినట్టు చేశాక ఒక్కటీ విడిపోలేదు, అందరికీ థాంక్స్.

అసలు కారణం పిండి కాదు, క్యాబేజీలోని నీరు. 300 గ్రాముల తరుగుకి అర టీస్పూన్ ఉప్పు పట్టించి, 15 నిమిషాలాగి పల్చటి గుడ్డలో గట్టిగా పిండేయాలి. ఆ తడి గానీ, నూనె గానీ అంచుకి అంటితే ఎంత నొక్కినా అతుక్కోదు.

పిండికి 200 గ్రాముల మైదా, 100 మిల్లీలీటర్ల చన్నీళ్లు. అరగంట తడిగుడ్డ కప్పి ఉంచాలి. వత్తేటప్పుడు మధ్యలో కాస్త మందం వదిలి అంచులే పల్చన చేయాలి, మడిస్తే అక్కడ రెండు పొరలవుతాయి మరి.

ఆవిరి మీద ఉడికించేవాళ్లు మాత్రం మన జిల్లేడుకాయల పిండిలాగే మరిగే నీళ్లతో కలపండి. వత్తిన పొర వెనక్కి ముడుచుకోదు.

నీళ్లలో ఉడికించేటప్పుడు, పొంగిన ప్రతిసారీ అర గ్లాసు చన్నీళ్లు పోయడం చైనా ఇళ్లలోని పద్ధతి. మాంసం కూరితే మూడుసార్లు, కూరగాయలకి ఒకటి రెండు చాలు. ఉడుకు నెమ్మదించి పొర చిట్లదు, ఈలోగా లోపలా ఉడుకుతుంది.