అప్‌డేట్: రివిట్‌లో పోర్టికో, హెడ్‌రూమ్ కప్పులు ఒకే ప్లాన్‌లో కనిపిస్తున్నాయి

రివిట్‌లో (భవనాల డిజైన్ సాఫ్ట్‌వేర్) గీస్తున్న తిరుపతి ఇంటి టెర్రస్ ప్లాన్‌లో కింది పోర్టికో పెంకు కప్పు, పైన మెట్ల హెడ్‌రూమ్ (మెట్లు టెర్రస్ మీదికి వచ్చే చోటి గది) వాలు కప్పు రెండూ కనిపించట్లేదని అడిగాను కదా, పరిష్కారమైంది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

వ్యూ రేంజ్ (ప్లాన్‌లో ఏ ఎత్తు నుంచి ఏ ఎత్తు దాకా కనపడాలో చెప్పే సెట్టింగ్) చూడమన్నవాళ్ల మాటే సరైనది. టెర్రస్ లెవల్ 6000 మి.మీ., కట్ ప్లేన్ (ప్లాన్ కోసం భవనాన్ని అడ్డంగా కోసే ఎత్తు) దానికి పైన 1200. అంటే 7200 ఎత్తులో హెడ్‌రూమ్ గోడల్ని కోస్తోంది. హెడ్‌రూమ్ కప్పు కొన 9300 దగ్గర, అంటే కోతకి పైన ఉంది, అందుకే కనపడలేదు. బాటమ్ (కింది హద్దు) 0, అంటే టెర్రస్ లెవలే కాబట్టి 2700 దగ్గరున్న పోర్టికో చూరు అసలు లెక్కలోకే రాలేదు. టెర్రస్ లెవల్ నుంచి టాప్ (పై హద్దు) 4500, కట్ ప్లేన్ 4000, బాటమ్, వ్యూ డెప్త్ (బాటమ్ కిందికి ఎంత దాకా చూపాలో చెప్పేది) రెండూ -3500 ఇచ్చాక రెండు కప్పులూ చూరు నుంచి కొన దాకా వచ్చేశాయి. బాటమ్ 0 దగ్గరే వదిలి డెప్త్ ఒక్కటే దించితే పోర్టికో గీతలు బియాండ్ లైన్ స్టైల్‌లో (బాటమ్ కిందున్నవాటికి వాడే వేరే రకం గీత) పడతాయి, జాగ్రత్త.

వ్యూ రేంజ్ బటన్ బూడిద రంగులో ఉంటే వ్యూ టెంప్లేట్ (చాలా వ్యూలకి ఒకే సెట్టింగ్‌లు పెట్టేది) పట్టుకుందని అర్థం. అందులో వ్యూ రేంజ్ టిక్ తీసేయాలి. ఇదంతా డూప్లికేట్ చేసిన వ్యూలోనే చేయండి, ఎందుకంటే కట్ ప్లేన్ అంత పైకెళ్తే గోడలు కోసినట్టు కనపడవు.

ఇక మిగతా అనుమానాల సంగతి: గ్రాఫిక్స్ డ్రైవర్‌కీ దీనికీ సంబంధం లేదు. రూఫ్స్ కేటగిరీ (వ్యూలో కప్పులు చూపాలా వద్దా అనే సెట్టింగ్) ముందే ఆన్‌లో ఉంది. అండర్‌లే (వేరే లెవల్‌ని ఇదే ప్లాన్‌లో లేతగా చూపేది) పెడితే కప్పు గీతలు వెలిసిపోయినట్టు వచ్చాయి, ప్రింట్‌కి పనికిరావు.