రెండో టీవీకి వేరే చానళ్లు పెట్టించుకోవడం ఎలా?

ఇంట్లో రెండు సెట్‌టాప్ బాక్సులు, కేబుల్ ఆపరేటర్ ఒకరే. హాల్లో టీవీకి తెలుగు వినోద చానళ్లు, ఒక స్పోర్ట్స్ హెచ్‌డీ కావాలి. లోపలి గదిలో అమ్మ చూసే టీవీకి దూరదర్శన్, ఉచిత చానళ్లు చాలు. ఆపరేటర్ మాత్రం రెండింటికీ ఒకే ప్యాక్ వేస్తూ, సిస్టమ్‌లో అంతే అంటున్నారు.

చానళ్ల అనుమతి ఒక్కో బాక్సు వీసీ (వ్యూయింగ్ కార్డు) నంబరుకు విడిగానే వెళ్తుంది కాబట్టి సాంకేతికంగా అడ్డేమీ ఉండకూడదు. టీవీ సేవల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020లో చేసిన నిబంధనల సవరణ కూడా ఒక్కో టీవీకి వేర్వేరు చానళ్లు ఎంచుకోవచ్చనే చెప్పింది. అప్పట్లో మొదటి కనెక్షన్‌కు నెట్‌వర్క్ ఫీజు (చానళ్ల ధర కాక, కనెక్షన్‌కు నెలనెలా కట్టేది) 200 చానళ్ల దాకా గరిష్ఠంగా 130 రూపాయలు, జీఎస్టీతో 153.40. రెండోదానికి అందులో 40 శాతం మించకూడదు. 2024లో ఆ ఫీజు పరిమితి ఎత్తేశారు. అందుకే బిల్లులో ఫీజు ఎంత, చానళ్లకు ఎంత అన్నది విడగొట్టి చూడటం ఇప్పుడు మరీ ముఖ్యం. చేతికొచ్చే రసీదులో మొత్తం ఒక్కటే ఉంటోంది.

అనుభవమున్నవాళ్లు దయచేసి చెప్పండి. ఎంఎస్‌ఓ (ఆపరేటర్‌కు సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ సంస్థ) యాప్‌లో రెండో వీసీ నంబరును ఎంచుకుని మనమే ప్యాక్ తీసేస్తే నిలుస్తుందా, లేక రెన్యువల్ రోజున ఆపరేటర్ లాగిన్ నుంచి పాత ప్యాక్ మళ్లీ ఎక్కుతుందా? ఎక్కితే ఫిర్యాదు ఆపరేటర్‌కు కాకుండా నేరుగా ఎంఎస్‌ఓ కాల్ సెంటర్‌లో పెట్టి డాకెట్ (ఫిర్యాదు) నంబరు తీసుకోవడమే మంచిదా? ఆపైన ఆ సంస్థలో పై స్థాయి ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి రాసేటప్పుడు ఏయే కాగితాలు జతచేశారు?