అప్‌డేట్: జీఎన్‌ఎమ్‌లో (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా) చేరాను

31 ఏళ్ల వయసులో అకౌంట్స్ ఉద్యోగం మానేసి నర్సింగ్‌లోకి రావాలంటే ఏ దారి పట్టాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. బీఎస్సీ నర్సింగ్‌కు బైపీసీ ఉండాలి. నాది సీఈసీ. అంటే మళ్లీ ఇంటర్ చదివి, ఆపైన నాలుగేళ్లు. నావల్ల కాదనిపించింది. జీఎన్‌ఎమ్‌కు ఏ గ్రూపైనా ఫర్వాలేదు, ఇంటర్‌లో 40 శాతం ఉంటే చాలు. వయసు మాత్రం 35 దాటకూడదు. మూడేళ్ల కోర్సు. నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అయ్యాక రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసుకోవచ్చు, డిగ్రీ దారీ మూసుకుపోలేదు.

అనాటమీ చాలా కష్టంగా ఉంది. ఎముకల పేర్లు తెలుగు లిపిలో రాసి వంటింటి తలుపుకు అంటించుకున్నాను.

మొన్న వార్డులో ఒక పెద్దాయనకు బీపీ పట్టీ కడుతుంటే టెన్షన్‌తో వేళ్లు వణికాయి. "నెమ్మదిగా కట్టు తల్లీ, నాకేం తొందర లేదు" అన్నారు. రెండోసారి సరిగ్గా వచ్చింది.