అప్‌డేట్: బ్రేక్ తీసుకుని తిరిగొచ్చిన విద్యార్థిని ఐఎల్ఆర్ ఎంట్రీ

సంగతి తెలియనివాళ్ల కోసం: నేను ఇంగ్లండ్‌లో ఒక ఎఫ్ఈ (ఫర్దర్ ఎడ్యుకేషన్, అంటే స్కూలు తర్వాతి చదువుల) కాలేజీ డేటా టీములో చేస్తున్నాను. అడల్ట్ స్కిల్స్ ఫండ్ (పెద్దల చదువులకి ప్రభుత్వం ఇచ్చే నిధి) కోర్సులో ఉన్నామె కాన్పు కోసం చదువు ఆపి మళ్లీ వస్తోంది. ఐఎల్ఆర్‌లో, అంటే కాలేజీలు ఒక్కో విద్యార్థి వివరాలు ప్రభుత్వానికి పంపే రికార్డులో, పాత ఎంట్రీనే పొడిగించాలా, కొత్తది తెరవాలా అని అడిగాను.

కొత్తదేనండీ, మీలో చాలామంది చెప్పినట్టే. పాత ఎయిమ్‌కి (రికార్డులో ఆ కోర్సు ఎంట్రీకి) కంప్లీషన్ స్టేటస్ 6, అంటే ఒప్పుకుని తీసుకున్న బ్రేక్, పెట్టి, ఆమె ఆఖరుగా చదివిన రోజుని వాస్తవ ముగింపు తేదీగా వేశాం. ప్లాన్డ్ ఎండ్ డేట్ (ముందు అనుకున్న ముగింపు తేదీ) జోలికి పోలేదు. కొత్త ఎయిమ్‌కి రీస్టార్ట్ కోడు, మొట్టమొదటి ప్రారంభ తేదీ, ఇంకా చెప్పాల్సిన పాఠాల శాతం వేశాం. తంటా అంతా ఈ శాతంతోనే. 60 శాతం అయిపోయింది కాబట్టి 40 వేయాలి. ఖాళీగా వదిలేస్తే కోర్సు మొత్తానికి మళ్లీ డబ్బు లెక్కకడుతుంది, ఆడిట్‌లో దొరికితే కక్కాల్సిందే.

బ్రేక్ నెలలకి కూడా ఏమైనా వస్తుందేమోనని మా ఫైనాన్స్ ఆయన ఆశ. పైసా రాదు. తిరిగొస్తానని ఆమె ముందే ఒప్పుకున్న ఈమెయిల్ ఫైల్లో ఉండటం మా అదృష్టం. అది లేకుంటే స్టేటస్ 3, అంటే విత్‌డ్రా కిందే లెక్క.

ఇంకోటి, ఈ నిధులు చూసే ప్రభుత్వ ఏజెన్సీ ఈఎస్ఎఫ్ఏ 2025 మార్చిలో మూతపడింది. ఆ తర్వాత 2025-26 రూల్స్ డీఎఫ్ఈ (విద్యా శాఖ) పేరుతో వచ్చాయి. మీ విద్యార్థి నిధులు కంబైన్డ్ అథారిటీవైతే (కొన్ని స్థానిక కౌన్సిళ్లు కలిసిన ప్రాంతీయ సంస్థవైతే) మాత్రం వాళ్ల రూల్స్ పుస్తకం వేరు, అదే చూడండి.