రెజ్యూమెలో వడ్ల కేంద్రం పని రాయాలా, వద్దా?

డిండి వాగు:
నేను నల్లగొండలో, మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలలో, 2022లో బి.ఎస్సీ. కెమిస్ట్రీ పూర్తి చేశాను. నాన్నకు పక్షవాతం రావడంతో రెండేళ్ళు ఊళ్ళోనే ఉండి వ్యవసాయం చూసుకుంటూ, వానాకాలం, యాసంగి పంటలప్పుడు మహిళా సంఘాలు నడిపే ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రంలో పని చేశాను. ఇప్పుడు చౌటుప్పల్ వైపు మందుల కంపెనీలలో క్యూసీ (నాణ్యత పరీక్షల విభాగం) ట్రైనీ ఉద్యోగాలకు దరఖాస్తు చేస్తున్నాను. ఆ రెండేళ్ళ సంగతి రాయాలా, వదిలేయాలా? పెద్దలు చెప్పగలరు.

పానగల్లు:
వదిలేయండి తమ్ముడూ. పదకొండేళ్ళుగా ఇదే రంగంలో హెచ్‌ఆర్ పని చేస్తున్నాను కనుక చెబుతున్నాను. ఒక్క పేజీ చాలు. తండ్రి పేరు, పెళ్ళి అయిందా లేదా, ఇంటి నంబరు, ఊరు, మండలం, హాబీలు, చివర సంతకంతో ప్రమాణం, ఇవేవీ అక్కర్లేదు. ల్యాబులో ఏ పరికరం మీద చేయి పెట్టారో అది పై సగంలో కనబడాలి. వివరాలను గళ్ళలో పెట్టకండి, కొన్ని కంపెనీల సాఫ్ట్‌వేర్ గళ్ళలోని అక్షరాలను సరిగా చదవదు.

కోయిలకొండ మాస్టారు:
మిగతావి ఎలా ఉన్నా, ప్రమాణం తీసేయమనడం మాత్రం నాకు నచ్చలేదు. ‘పై వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ప్రమాణం చేస్తున్నాను’ అని రాసి సంతకం చేయడం మర్యాద. ముప్పై ఏళ్ళు డిగ్రీ విద్యార్థులకు దగ్గర కూర్చుని అదే నేర్పాను. సంతకం లేని కాగితానికి విలువ ఏముంటుంది?

జడ్చర్ల నైట్ షిఫ్టు:
మా దగ్గర రెజ్యూమె మూడో వరుస దాటి ఎవరూ చదవరు మాస్టారూ.

పానగల్లు:
మాస్టారూ, పోయిన నెల నా బల్ల మీదికి వచ్చిన కాగితాలలో మూడింటికి ‘కెరీర్ ఆబ్జెక్టివ్’ అక్షరం పొల్లు పోకుండా ఒకటే. మూడూ ఒకే నెట్ సెంటరులో తయారైనవని తెలిసిపోతూనే ఉంది. వాటిలో ఒకదాని చివర మీరు చెప్పిన ప్రమాణమే ఉంది, కానీ దాని కింద అచ్చయిన పేరు వేరొకరిది. ఆ పిల్లవాడు చదువుకోకుండానే సంతకం పెట్టాడు.

కోయిలకొండ మాస్టారు:
అది నెట్ సెంటరు వాని తప్పు, ప్రమాణానిది కాదు.

మిర్యాలగూడ మిల్లు దారి:
ప్రమాణం గొడవలో తమ్ముని ప్రశ్న మూలకు పడింది. నేను క్యూసీలోనే పని చేస్తున్నాను. తమ్ముడూ, కేంద్రంలో నువ్వు రోజూ ఏం చేసేవాడివో చెప్పు.

డిండి వాగు:
కుప్ప పైనుంచి కాకుండా నడుమ చేయి పెట్టి వడ్లు తీసి తేమ మీటరులో పోసేవాడిని, అక్కా. 17 శాతం దాటితే మళ్ళీ ఆరబోయమని చెప్పాలి, దానికి తిట్లూ పడాలి. ఆ తరువాత రైతు పేరు, టోకెన్ నంబరు, తేమ శాతం, 40 కిలోల బస్తాలు ఎన్నో రిజిస్టరులో రాసి, ట్యాబులో ఎక్కించి, లారీకి సరుకు వివరాల ట్రక్ షీటు ఇచ్చేవాడిని. మిల్లు దగ్గర తరుగు తీస్తామన్న రోజున మా రిజిస్టరే సాక్ష్యం.

మిర్యాలగూడ మిల్లు దారి:
ఇదంతా క్యూసీ పనే. నమూనా ఎక్కడినుంచి తీయాలో నీకు తెలుసు. మేము కార్ల్ ఫిషర్ పద్ధతిలో నీటి శాతం చూస్తాం, లేదా ఓవెన్‌లో ఆరబెట్టి ముందు బరువుకూ తరువాతి బరువుకూ తేడా చూస్తాం. పరికరం వేరు, లెక్క అదే. ‘వ్యవసాయ పనులు’ అని రాస్తే ఎవరికీ అర్థం కాదు, ఇప్పుడు చెప్పినట్టే రాయి.

పానగల్లు:
ఒప్పుకుంటున్నాను, నేను తొందరపడ్డాను. అలా రాస్తే పనికివస్తుంది. ఊరి పేరు మాత్రం వద్దు. లోకల్ పిల్లలు నాట్లకూ చావులకూ సెలవులు పెడతారని పైవాళ్ళు పక్కన పడేస్తారు.

కోయిలకొండ మాస్టారు:
అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. మా అబ్బాయి ఇంటర్వ్యూకు వెళితే చిరునామా చూసి, పాలమూరు నుంచి కూలీలు కదా వచ్చేది, అని నవ్వారట. వాడు ఆ తరువాత చిరునామా మార్చాడు, ఇప్పుడు పండుగకు కూడా ఇంటికి రావడం లేదు. మీరు చెబుతున్న ఒక్క పేజీలోంచి తీసేస్తున్నది హాబీలను కాదు, మమ్మల్ని.

పానగల్లు:
నాకు నీతి చెప్పకండి. మాది దేవరకొండ అవతల తండా. మూడేళ్ళు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ చిరునామా రాసుకున్నాకే నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. ఆకలితో ఉన్నవాడికి ఊరి పేరు అన్నం పెట్టదు.

కోయిలకొండ మాస్టారు:
ఈ రోజు మీకు ఆకలి లేదు, కాగితాలు మీ బల్ల మీదికే వస్తున్నాయి. తండా పేరున్న కాగితాన్ని మీరు ఎన్నిసార్లు పైవాళ్ళ ముందు పెట్టి మాట్లాడారు?

పానగల్లు:
రెండుసార్లు. ఒకసారి మాట పడ్డాను.

డిండి వాగు:
ఇలా రాశాను, చూడండి: ‘2022 నుంచి 2024 వరకు, వడ్ల కొనుగోలు కేంద్రం, డిండి మండలం: కుప్పల నుంచి నమూనాలు తీయడం, తేమ శాతం కొలవడం, రిజిస్టరు, ట్యాబు, ట్రక్ షీటు నమోదులు.’ ప్రమాణం తీసేశాను మాస్టారూ, క్షమించండి. ఊరు ఉంచాను.

జడ్చర్ల నైట్ షిఫ్టు:
బాగుంది. నీ మెయిల్ ఐడీలో ‘రౌడీ’ అనే మాట ఉంది, పంపేముందు అది మార్చు.