బియ్యం బస్తాలు వచ్చాయి, మరి జనం వచ్చారా? 2019 తెలంగాణ ఆర్టీసీ సమ్మెపై మారుపేర్లతో చర్చ

కిటికీ పక్క సీటు

2025 మేలో సమ్మెకు దిగుతామని తెలంగాణ ఆర్టీసీ సంఘాలు నోటీసు ఇచ్చాయి. మంత్రి పొన్నం ప్రభాకర్‌తో మాటలయ్యాక వాయిదా వేసుకున్నాయి. అప్పటి నుంచి నన్ను ఒక ప్రశ్న తొలుస్తోంది. ఆ రోజు నిజంగా బస్సులు ఆగి ఉంటే మనలో ఎంతమంది వాళ్ల పక్కన నిలబడేవాళ్లం?

గుర్తు లేనివారికి క్లుప్తంగా చెబుతాను. 2019 అక్టోబరు 5న, దసరాకు మూడు రోజుల ముందు, 48 వేల మందికి పైగా కార్మికులు సమ్మెకు దిగారు. ఇరవై ఆరు డిమాండ్లు. మొదటిది ఆర్టీసీని ప్రభుత్వంలో విలీనం చేయాలని. సాయంత్రం ఆరుకల్లా డ్యూటీకి రానివారు తమను తామే తొలగించుకున్నట్లు అని ముఖ్యమంత్రి కేసీఆర్ తేల్చేశారు. 52 రోజుల తర్వాత, ఒక్క డిమాండూ తీరకుండానే, నవంబరు 25న సమ్మె విరమించారు. మరునాడు డ్యూటీకి వెళితే గేట్లు తీయలేదు. 29 నుంచి చేర్చుకున్నారు.

దీనిని ఇప్పటికీ ‘ప్రజల సమ్మె’ అని రాసేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. అక్టోబరు 19న రాష్ట్ర బంద్ జరిగింది, నిజమే. రెండు రోజులకు హుజూర్‌నగర్ ఉప ఎన్నిక వచ్చింది. ఈ సమ్మె కారణంగానే సీపీఐ అప్పటి అధికార పార్టీ టీఆర్‌ఎస్‌కు ఇస్తానన్న మద్దతును వెనక్కి తీసుకుంది. అయినా అధికార పార్టీ 43 వేలకు పైగా మెజారిటీతో గెలిచింది. జనం కార్మికుల వెంట ఉంటే ఆ ఓట్లు ఎవరివి? సంఘం పార్టీలను కూడగట్టింది, వేదికలను కూడగట్టింది. రోజూ బస్సెక్కే మనిషిని మాత్రం ఎన్నడూ కూడగట్టుకోలేదు. కాదంటే చెప్పండి, వింటాను.

గ్యారేజీ ఇంటావిడ

నేను చెబుతాను. మా ఆయన గ్యారేజీలో శ్రామిక్, అంటే మెకానిక్ పనివాడు. డ్రైవర్లనూ కండక్టర్లనూ జనం చూస్తారు, టీవీ వాళ్లు చూపిస్తారు. బస్సు కింద పడుకుని చేసే పని ఎవరికీ కనిపించదు కాబట్టి ముందే చెప్పుకుంటున్నాను.

సెప్టెంబరు జీతం ఎవరికీ పడలేదు. అది పత్రికల్లో వచ్చిందే, హైకోర్టు దాకా వెళ్లిందే. మీరు అడగాల్సింది హుజూర్‌నగర్ గురించి కాదండీ. ముఖ్యమంత్రి నవంబరు 5 అర్ధరాత్రి వరకు చివరి గడువు పెట్టారు. చేరితే ఉద్యోగం, లేకపోతే లేదు. అంత బెదిరింపులో 48 వేల మందిలో చేరింది కొన్ని వందల మందే. రెండో నెల జీతం కూడా లేకుండా ఇంతమంది ఎలా నిలబడ్డారు?

మా డిపోలో ఎలా జరిగిందో చెబుతాను. ఒక పాత డైరీ పెట్టారు. గీత గీసి ఒక పక్క పేరు, ఇంకో పక్క ఇంటి సంగతి. ‘అద్దె ఇల్లు, తల్లికి డయాలసిస్.’ ‘సొంత ఇల్లు, పొలం ఉంది, అవసరం లేదు.’ ‘ఇద్దరు పిల్లలు, ఫీజు బాకీ.’ ఇది రాసింది పెద్ద నాయకుడు కాదు, ముగ్గురు కండక్టర్లు. ఇల్లిల్లూ తిరిగి, అడగడానికి మొహమాటపడేవాళ్ల వివరాలు పక్కింటివాళ్లను అడిగి మరీ రాశారు. ఉపాధ్యాయులు చందాలు వేసుకుని బియ్యం తెచ్చినప్పుడు ఆ డైరీ చూసి పంచారు. పొలం ఉన్నాయన తన బస్తా తానే వెనక్కి పంపాడు.

మా ఇంటి యజమానురాలు రెండు నెలలు అద్దె అడగలేదు. ‘కరెంటు బిల్లు మాత్రం మీరే కట్టుకోండి’ అంది. ఆవిడ ఏ పార్టీకి ఓటు వేసిందో నాకు తెలియదు, అడగలేదు కూడా. కిరాణా కొట్టాయన ఖాతా ఆపలేదు. ఓటును తెచ్చి దీని పక్కన పెట్టి తూచితే ఎలా?

రెండో షిఫ్టు

అమ్మా, మీ కష్టం కాదనను. కానీ ఒక్క మాట. పండుగ మూడు రోజులుందనగా బస్సులు ఆపితే ఇరుక్కున్నది ఎవరు? కార్లున్నవాళ్లు కాదు. ఇంటికి వెళ్లడానికి నేను ఎక్కిన తుఫాన్ జీపులో పదిహేడు మందిమి. డ్రైవరు మామూలు టిక్కెట్టుకు మూడింతలు తీసుకున్నాడు. నా పక్కన ఒక ముసలాయన సంచిలోంచి చిల్లర తీసి మూడుసార్లు లెక్కపెట్టుకున్నాడు. ఆయనను ఇరికించి, ఆయనే వచ్చి జిందాబాద్ కొట్టాలంటే అది ఏ న్యాయం?

పాత స్టీరింగ్

రెండో షిఫ్టు బాబూ, నేను ముప్పై ఏళ్లు బస్సు నడిపి దిగినవాడిని. పంట చేతికొచ్చే వేళే కూలీలు రేటు అడుగుతారు. బస్సులు ఖాళీగా తిరిగే రోజుల్లో సమ్మె చేస్తే అది సమ్మె కాదు, సెలవు. పైగా నోటీసు నెల ముందే ఇచ్చారు. ముగ్గురు ఐఏఎస్ అధికారుల కమిటీని వేసింది చివరి రోజుల్లో. పండుగ దాకా లాగింది మేమొక్కరమే కాదు.

అయితే అసలు తప్పు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. మాది గుర్తింపు సంఘం టీఎంయూ, అంటే తెలంగాణ మజ్దూర్ యూనియన్. దానికి చాలాకాలం గౌరవాధ్యక్షుడు టీఆర్‌ఎస్ నాయకుడు హరీశ్‌రావు. 2011 సకలజనుల సమ్మెలో బస్సులు ఆపినవాళ్లం. కాబట్టి ఇది మన ప్రభుత్వం అనుకున్నాం. 2015 మేలో ఎనిమిది రోజులు సమ్మె చేస్తే 44 శాతం ఫిట్‌మెంట్, అంటే జీతాల పెంపు, చేతిలో పెట్టారు. పాలాభిషేకాలు చేశాం. నేనూ చేశాను, సిగ్గుపడుతూ చెబుతున్నాను. అక్కడే చెడింది. తలుపు తడితే తీస్తారన్న నమ్మకం కుదిరాక వీధిలోకి వెళ్లి జనాన్ని పలకరించే పని ఎవరు పెట్టుకుంటారు? ఆ నాలుగేళ్లలో ఊళ్లకు తిరిగే పల్లె వెలుగు ట్రిప్పులు తగ్గిస్తుంటే ఏ గేటు మీటింగులోనైనా దాని మీద గట్టిగా మాట్లాడామా? ఆ ఊరి సర్పంచి వచ్చి డిపో మేనేజరుకు అర్జీ ఇచ్చి వెళ్లేవాడు. మేము చాయ్ తాగుతూ చూసేవాళ్లం. కిటికీ పక్క సీటు గారు అడిగింది సగం నిజం, నేను ఒప్పుకుంటాను.

మిగతా సగానికి గ్యారేజీ ఇంటావిడ గారు చెప్పిందే జవాబు.

నల్లకోటు

చట్టం సంగతి ఒకటి సరిచేస్తాను, ఎందుకంటే ‘అక్రమ సమ్మె’ అన్న మాట ఇక్కడా వస్తుంది. రవాణా ప్రజా ప్రయోజన సేవ. 2019లో అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం 22వ సెక్షన్ ప్రకారం 14 రోజుల నోటీసు ఉండాల్సింది, రాజీ చర్చలు నడుస్తుండగా సమ్మె చేయకూడదు. ఈ రెండో అంశం మీదే యాజమాన్యం పట్టుబట్టింది. అక్రమమో కాదో తాను తేల్చలేనని హైకోర్టు స్పష్టంగా చెప్పి నవంబరులో విషయాన్ని కార్మిక శాఖ కమిషనర్‌కు పంపింది. ‘తనను తానే తొలగించుకోవడం’ అనేది మాత్రం ఏ చట్టంలోనూ లేదు. నోటీసు, విచారణ, ఉత్తర్వు లేకుండా ఉద్యోగం పోదు. ఆ ఒక్క మాటకు భయపడి చేరినవాళ్లకు ఈ సంగతి చెప్పేవాళ్లు ప్రతి డిపోలో ఒకరుంటే చాలు.

అద్దె బండి

నేను రాస్తే మీకు నచ్చదు. ఆ 52 రోజుల్లో నేను తాత్కాలిక డ్రైవర్‌ను.

డ్రైవరుకు రోజుకు పదిహేను వందలు, కండక్టరుకు వెయ్యి ఇచ్చేవారు. అప్పటికి నేను పర్మిట్ లారీ మీద నెలకు ఇరవై రోజులు పని దొరికితే గొప్ప అనుకునేవాడిని. బండి కిస్తీ రెండు వాయిదాలు కట్టలేదు. వెళ్లాను. నన్ను ద్రోహి అన్నారు, ఫరవాలేదు, ఆకలి మీద ఉన్నవాళ్లు అంటారు.

నాకు గుర్తుండిపోయింది వేరే. మొదటి రోజు గేటు బయట ఆడవాళ్లు అడ్డంగా కూర్చున్నారు. పోలీసులు లేపేశారు. ఒక కండక్టరమ్మ మాత్రం నా కిటికీ దగ్గరకు వచ్చింది. తిడుతుందనుకున్నాను. ‘ఏ రూటు?’ అని అడిగింది. చెప్పాను. ‘చెరువు కట్ట దాటాక స్టేజీ ఉండదు, వేపచెట్టు ఉంటుంది. అక్కడ సాయంత్రం నలుగురు ఆడపిల్లలు నిలబడతారు. పాసులు ఉంటాయి, డబ్బులుండవు. వదిలేసి పోవద్దు’ అంది. అంతే చెప్పి వెళ్లి మళ్లీ రోడ్డు మీద కూర్చుంది. బడులకు సెలవులు పొడిగించారు కాబట్టి పిల్లలు వచ్చింది 21వ తేదీ తర్వాతే. నేను ఆపాను. నా పక్కనున్న తాత్కాలిక కండక్టరు పాసులు చెల్లవన్నాడు. వాడికీ నాకూ గొడవైంది.

ఇప్పుడు నా ప్రశ్న. అప్పటికే దాదాపు రెండు వేల అద్దె బస్సులు తిరుగుతున్నాయి. వాటి డ్రైవర్ల దగ్గరకు, మాలాంటి లారీ డ్రైవర్ల అడ్డాల దగ్గరకు సమ్మెకు ముందు ఒక్క నాయకుడైనా వచ్చాడా? వచ్చి ‘అన్నా, మేము ఇందుకు దిగుతున్నాం, మీరు ఎక్కవద్దు, మీ కిస్తీ సంగతి ఇలా చూద్దాం’ అన్నాడా? ఆ డైరీలో మా పేర్లకు ఒక పేజీ ఉందా?

గ్యారేజీ ఇంటావిడ

లేదు. మీరు అడిగారు కాబట్టి ఉన్నదున్నట్లు చెబుతున్నాను, లేదు. అద్దె బస్సుల వాళ్లు మాకు పరాయివాళ్లు అనుకున్నాం. మా ఆయన ఇది చదివి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

విలీనమైన వాడిని

విజయవాడ వైపు నుంచి రాస్తున్నాను. ‘మీ పోరాట ఫలం ఆంధ్రావాళ్లు తిన్నారు’ అని ఎవరో ఒకరు అంటారు, అందుకే ముందే వచ్చాను. మా విలీనానికి మంత్రివర్గం ఒప్పుకుంది 2019 సెప్టెంబరులో, అంటే మీ సమ్మెకు ముందు. 2020 జనవరి 1 నుంచి 50 వేలకు పైగా ఉద్యోగులం ప్రజా రవాణా విభాగంలోకి వెళ్లాం. నిజానికి మమ్మల్ని చూసే మీకు ఆ డిమాండు మీద ఆశ పెరిగింది.

ఒకటో తేదీ జీతం పడుతుందన్న ధీమా చిన్నది కాదు, దానిని తేలిక చేయను. కానీ మునుపు మాకు గుర్తింపు ఎన్నికలుండేవి. నాయకుడు డిపోకు వచ్చి ఓటు అడిగేవాడు. డ్యూటీ చార్టులో అన్యాయం జరిగితే ఆయన చొక్కా పట్టుకుని అడిగేవాళ్లం. ఇప్పుడు అందరు ప్రభుత్వ ఉద్యోగుల్లో మేమూ ఒకరం. మీరు విలీనం కోరుతున్నారు, కోరండి. సంఘాన్ని కూడా వెంట తీసుకువెళ్లే దారి చూసుకుని కోరండి.

రెండో షిఫ్టు

మీకు విలీనమైనా జరిగింది. ఇక్కడ 2023 ఆగస్టులో శాసనసభ బిల్లు ఆమోదించింది, 43,373 మంది అన్నారు. గవర్నర్ సంతకమూ అయింది. 2025లో సమ్మె నోటీసు ఇచ్చినప్పుడు కూడా విలీనం అమలు చేయాలనే అడిగారు. దీనిని ఏమనాలి?

పాత స్టీరింగ్

పెళ్లి అయింది, అప్పగింతలు కాలేదు అనాలి.

కిటికీ పక్క సీటు

నేను మొదట రాసింది కొంత మార్చుకుంటున్నాను, పూర్తిగా కాదు. డైరీ సంగతి నాకు తెలియదు. నిలబడటానికి కావలసిన బలం చుట్టుపక్కల నుంచి వచ్చిందని ఒప్పుకుంటాను. కానీ ఆ బలం కార్మికుడి ఇంటి గడప దగ్గరే ఆగింది. కార్మికుడు ఆకలితో లొంగకుండా కాపాడింది, ప్రభుత్వాన్ని కదిలించలేదు. సగం రూట్లు, అంటే 5,100 పర్మిట్లు, ప్రైవేటుకు ఇస్తామని నవంబరులో మంత్రివర్గం నిర్ణయించినప్పుడు రోడ్డెక్కాల్సింది ప్రయాణికులు. హైదరాబాద్‌లో జరిగిన చలో ట్యాంక్‌బండ్ నిరసనకు వచ్చినవాళ్లలో కార్మికులు, పార్టీలవాళ్లు, విద్యార్థులు ఉన్నారు. ‘నా ఊరి బస్సు నాకు కావాలి’ అని వచ్చిన ఊరు ఎక్కడ?

ఇంకో సంగతి కూడా మరిచిపోవద్దు. డిసెంబరు 1న ముఖ్యమంత్రి డిపోకు ఐదుగురు చొప్పున కార్మికులను తన నివాసం ప్రగతి భవన్‌కు పిలిచి భోజనం పెట్టారు. సమ్మె కాలం జీతం ఇస్తామన్నారు, పదవీ విరమణ వయసు 60కి పెంచారు. అదే భోజనం దగ్గర రెండేళ్లు సంఘాలు ఉండవు, సంక్షేమ మండళ్లు ఉంటాయి అన్నారు. ఆ పూట చప్పట్లు కొట్టినవాళ్లూ కార్మికులే. నాయకుల మీద అంత కోపం ఎందుకు వచ్చింది? 52 రోజులు సమ్మె చేయించి ఉత్త చేతులతో వెనక్కి తెచ్చారని. సంఘం తీసేస్తే ఒక్క ప్రయాణికుడైనా ‘అదేమిటి’ అని అడగలేదు. నాకు అదే పెద్ద ఓటమి.

గ్యారేజీ ఇంటావిడ

చప్పట్లు కొట్టారంటున్నారు. జీతం లేని ఇంటికి ‘రెండు నెలల డబ్బు ఒక్కసారే ఇస్తాం’ అని చెబితే మీరైనా కొడతారు. ఆ డబ్బుతో నేను ముందు కిరాణా ఖాతా తీర్చాను, తర్వాత అద్దె. యజమానురాలు కరెంటు బిల్లు రసీదులు అడిగి మరీ చూసుకుంది.

ప్రయాణికుల మాట ఒప్పుకుంటాను. ఇప్పుడైతే మరీ అవసరం. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం. బస్సు నిండా మావాళ్లే. ఫుట్‌బోర్డు మీద వేలాడేదీ మావాళ్లే, ఆధార్ కార్డు కోసం సంచి వెతుక్కునేదీ మావాళ్లే, కండక్టరమ్మతో గొడవపడేదీ మావాళ్లే. బస్సులు చాలడం లేదు, సిబ్బంది చాలడం లేదు. ఆ కోపం ఖాకీ చొక్కా మీద పడుతోంది. ‘బస్సులు పెంచండి’ అని ఆ ఆడవాళ్లూ కండక్టర్లూ కలిసి ఒక్క డిపో ముందైనా కూర్చుంటే చాలు. ఇది సంఘం చేయాల్సిన పని. మా ఆయనకు రోజూ చెబుతున్నాను.

నల్లకోటు

కూర్చునేవాళ్లలో ఎవరుంటారో ముందు లెక్క చూసుకోండి. కొత్తగా వస్తున్న విద్యుత్ బస్సులు చాలావరకు ప్రైవేటు కంపెనీలవి. డ్రైవరు ఆ కంపెనీ మనిషి, కండక్టరు మాత్రం సంస్థ మనిషి. ఒకే బస్సులో ముందు సీటు సమ్మెలో ఉండదు, వెనక సీటు ఉంటుంది. విలీనమైనా ఆ డ్రైవరుకు దానితో సంబంధం లేదు.

అద్దె బండి

నేను చెప్పకుండా ఆగినది అదే. ఇప్పుడు నడిపేది అలాంటి బండే. ఖాకీ కాదు, కంపెనీ చొక్కా. నా వెనక టిక్కెట్లు కొట్టే ఆవిడకు సంఘం ఉంది, నాకు లేదు. ఆవిడ సభ్యత్వ రసీదు పుస్తకం ఒకసారి సీటు మీద మరిచిపోతే తెరిచి చూశాను. అన్నీ ఆర్టీసీ స్టాఫ్ నంబర్లే. నాలాంటి వాడి నంబరు ఎక్కడ రాస్తారో ఆ గడి కనిపించలేదు. పాత స్టీరింగ్ అన్నా, మీకు నాయకులతో ఇంకా మాటలున్నాయి కదా, ఒకసారి అడిగి చెప్పండి. చందా ఎంతైనా కడతాను.

పాత స్టీరింగ్

అడుగుతాను. సోమవారం డిపోకు వెళుతున్నాను, పింఛను కాగితాల పని ఉంది. మీ రూటు నంబరు పంపండి.